బారెడు నీడ దేశాలలో భోజనం

మా అమ్మాయి కెనడా దేశంలో ఎడ్మంటన్ నగరంలో ఉంటున్నది. పోయిన కార్తీక మాసంలో ఆమెకు ఆడపిల్ల పుట్టింది. పురిటికి మేము వెళ్ళలేకపోయాము. నా మోకాళ్ళూ, మా ఇంటావిడ రక్తపోటూ కూడబలుక్కొని మమ్మల్ని నిజామాబాదు దాటనివ్వలేదు. అందుచేత మనుమరాలి ముద్దుముచ్చట్లన్నీ సెల్‌ఫోను తెర మీదనే. ఒకనాడు అలా చూస్తూ ఉండగా అమ్మాయి ఒక చిన్న సీసా తీసి పసిదాని నోట్లో ఒక చుక్క వేసింది. అది డి విటమినట. తల్లిపాలు తాగే బిడ్డకు పుట్టిన నాటి నుండి రోజుకు 400 యూనిట్లు తప్పకుండా వేయాలని అక్కడి ఆరోగ్య శాఖ వారి సలహా.

మా ఇంటావిడకు అది నచ్చలేదు.

"పాలు తాగే పిల్లకు మందేందే? మిమ్మల్ని ముగ్గుర్ని నేను మందులు పోసే పెంచిన్నా?"

"అమ్మా, ఇక్కడ చలికాలం ఎండ ఉండదే."

"ఎందుకుండదు? కిటికీల కెల్లి తెల్లగ కనవడ్తనే ఉన్నది గద!"

"నాన్నా, నువ్వన్న చెప్పు అమ్మకు."

ముప్పై మూడేళ్ళు బడిపిల్లలకు సంధులూ సమాసాలూ ఛందస్సూ చెప్పినవాడిని. వైద్యం నా విద్య కాదు. నిజం ఒప్పుకోవాలంటే ఆ క్షణాన నా మనసు మా ఇంటావిడ పక్షానే మొగ్గింది. అయినా నోరు మెదపలేదు. ఆ చుక్కను చూడగానే ఎందుకో, ఎప్పుడో పోయిన మా అమ్మ నడక నా కళ్ళ ముందు కదిలింది. ఆ సంగతి చివర మనవి చేస్తాను. ఆనాటి నుండి దొరికిన పుస్తకాలూ వ్యాసాలూ తిరగేస్తూ నేను తెలుసుకున్నదంతా వరుసగా ఇక్కడ పెడుతున్నాను. చలి దేశాలలో పిల్లలను పెంచుకుంటున్న చదువరులకు పనికివస్తుందనే ఆశ.

* * *

మొదట నీడ సంగతి.

పోయిన డిసెంబరు 21 నాడు, అంటే మనకు పగలు మిక్కిలి కురచగా ఉండే రోజున, మా డాబా మీద మూరెడు కర్రను నిటారుగా నిలిపి చూశాను. మధ్యాహ్నం పన్నెండుంబావుకు దాని నీడ మూరకు కొంచెం తక్కువగానే పడింది. మన నిజామాబాదు, బోధను ఊళ్ళు భూమధ్యరేఖకు 18 డిగ్రీల పైచిలుకు ఉత్తరాన ఉన్నాయి. ఆ లెక్కన ఆ రోజు మిట్టమధ్యాహ్నం సూర్యుడు దిగంతం నుండి 48 డిగ్రీల ఎత్తున ఉంటాడు. కనుక సంవత్సరం పొడుగునా ఏ రోజైనా సరే, మిట్టమధ్యాహ్నం వేళ మన నీడ మన కంటె పొట్టిదే.

ఎడ్మంటన్ 53 డిగ్రీలు దాటిన ఊరు. అదే రోజు అక్కడ మిట్టమధ్యాహ్నం సూర్యుడు 13 డిగ్రీల ఎత్తు మించడు. త్రికోణమితి పట్టిక చూసి లెక్క కట్టాను. అక్కడ మూరెడు కర్రకు నాలుగు మూరల మీద మరికొంత నీడ పడుతుంది. నాలుగు మూరలంటే బారెడు గదా! మనది మూరెడు నీడ దేశం, మా మనుమరాలిది బారెడు నీడ దేశం.

ఈ కొలత పిల్లల ఆట కాదు. డి విటమిను కథకు ఇదే మూలం. ఎండలో కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలున్నాయి. వాటిలో ఒక తెగ మన చర్మం మీద పడినప్పుడు, చర్మంలో ఉండే కొవ్వుజాతి పదార్థం ఒకటి డి విటమినుగా మారుతుంది. దానిని కాలేయమూ, ఆ తరువాత మూత్రపిండాలూ చెరికొంత మార్చి పనికి పెడతాయి. మనం తిన్న అన్నంలోని కాల్షియాన్ని పేగుల నుండి రక్తంలోకి లాగడం దాని ముఖ్యమైన పని. అది చాలినంత లేకపోతే పిల్లలకు ఎముకలు గట్టిపడక దొడ్డికాళ్ళు వస్తాయి. దీనినే రికెట్స్ అంటారు. పెద్దలకు ఎముకలు మెత్తబడి నొప్పులు పుడతాయి.

సూర్యుడు కిందికి వాలి ఉన్నప్పుడు ఆ కిరణాలు గాలిపొరలలో ఏటవాలుగా చాలా దూరం ప్రయాణించి దారిలోనే అరిగిపోతాయి. వెలుగు వస్తుంది, కిరణం రాదు. మన నీడ మన కంటె పొడుగ్గా ఉన్న వేళ ఎండలో నిలిచినా డి విటమిను లాభం చాలా తక్కువ అని ఒక మోటు లెక్క. 1988 లో వెబ్, క్లైన్, హోలిక్ అనే పరిశోధకులు దీనినే పరీక్షించి చూశారు. అమెరికాలో 42 డిగ్రీల మీదున్న బోస్టనులో నవంబరు నుండి ఫిబ్రవరి దాకా ఎండలో పెట్టిన చర్మంలో ఈ మార్పు జరగలేదు. రెండవ ఊరి పేరు చదివి ఉలిక్కిపడ్డాను. అది మా అమ్మాయి ఉండే ఎడ్మంటనే! అక్కడ అక్టోబరు నుండి మార్చి దాకా అదే పరిస్థితి. కిటికీ అద్దం కూడా ఆ కిరణాలను దాదాపుగా రానివ్వదు. మా ఇంటావిడకు తెల్లగా కనిపించిన ఎండ అలాంటిది. చూపుకు సూర్యుడే గాని ఎముకకు కాడు.

దీనితో మన నమ్మకం ఒకటి కూడా సవరించుకోవలసి వచ్చింది. రథసప్తమి నాడు జిల్లేడాకులు తల మీద పెట్టుకొని స్నానం చేసి, వాకిట్లో ఎండ పడేచోట పాలు పొంగించే ఆచారం మనది. మయూర కవి సూర్యశతకం చెప్పి రోగం పోగొట్టుకున్నాడని ఐతిహ్యం. ఆరోగ్యానికి సూర్యునే అడగాలన్న పెద్దల మాటలో నాకు సందేహం లేదు. అయితే లేత ఎండ మంచిది కదా అని తెల్లవారి ఆరున్నరకు నిలబడితే డి విటమిను రాదు. ఆ వేళకు మన ఊరు కూడా బారెడు నీడ దేశమే.

* * *

మరి ఆరేసి నెలలు కిరణం లేని దేశాల వాళ్ళు వేల ఏళ్ళుగా ఎలా బతికారు? తిండితో బతికారు. కాని ఆ తిండి కరువైన చోట ఏం జరిగిందో చరిత్ర పెద్ద అక్షరాలతో రాసి పెట్టింది.

డి విటమిను ఉండే ఆహారాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కొవ్వు పట్టిన సముద్రపు చేపలు, చేపకాలేయపు నూనె, గుడ్డులోని పచ్చసొన, కొంత కాలేయం, ఎండ తగిలిన పుట్టగొడుగులు. ఒక గుడ్డులో ఉండేది 40 యూనిట్లు మాత్రమే. చెంచాడు కాడ్ చేపనూనెలో 400 పైన ఉంటాయి. బియ్యం, జొన్నలు, పప్పులు, కూరగాయలు, పండ్లలో లేనట్లే లెక్క. ఏమీ కలపని పాలలో కూడా చాలా స్వల్పం. నార్వే తీరపు బెస్తలకు, మంచుదేశపు ఇన్యూట్ జనానికి చేపలూ సీలు మాంసమూ రోజువారీ భోజనం. సూర్యుడు ఇవ్వనిది వాళ్ళకు సముద్రం ఇచ్చింది.

కష్టమంతా సముద్రానికి దూరంగా, పొగమబ్బు కింద, ఇరుకు వీధులలో పెరిగిన నగరాలకు వచ్చింది. పదిహేడవ శతాబ్దపు ఇంగ్లండులో పిల్లల ఎముకలు వంగిపోయే ఈ జబ్బు వైద్యులను కలవరపెట్టింది. విజ్లర్ 1645 లోనూ, గ్లిసన్ 1650 లోనూ దీనిని వర్ణించారు. మన ఆయుర్వేదంలోనూ కాశ్యపసంహిత ఫక్క రోగమని ఒకటి చెప్పింది. ఏడాది నిండినా నడవలేని బిడ్డకు మూడు చక్రాల బండి చేయించి నడక నేర్పమన్నది. దీనికీ దానికీ పోలిక చెప్పే పండితులున్నారు.

పందొమ్మిదవ శతాబ్దంలో రెండు వాదాలు బయలుదేరాయి. ఒకటి ఎండ వాదం, రెండవది తిండి వాదం. వార్సా నగరపు పిల్లలకు ఈ జబ్బు ఎక్కువగానూ, పల్లెపిల్లలకు తక్కువగానూ ఉండడం చూసి, ఎండ లేకపోవడమే కారణమని 1822 లో పోలెండు వైద్యుడు స్నియాదెస్కీ అన్నాడు. జపానులో మతప్రచారక వైద్యుడుగా పనిచేసి వచ్చిన పామ్ అనే ఆయన, తూర్పుదేశాలలో ఉన్న తోటివారికి ఉత్తరాలు రాసి సమాచారం రప్పించుకున్నాడు. ఎండ మెండుగా ఉన్న దేశాలలో తిండి నాసిగా ఉన్నా ఈ జబ్బు అరుదు అని 1890 లో తేల్చి చెప్పాడు.

తిండి వాదం వారికి సింహం పిల్లలు సాక్ష్యం చెప్పాయి. లండను జంతుశాలలో ఎముక లేని గుర్రపు మాంసం తిని పెరిగే సింహం పిల్లలు ఎముకలు వంగి చచ్చిపోయేవి. 1889 ప్రాంతంలో బ్లాండ్ సట్టన్ అనే శస్త్రవైద్యుని సలహా మీద వాటికి పాలు, దంచిన ఎముకలు, కాడ్ చేపనూనె పెట్టారు. అవి కోలుకున్నాయి. ఎండ మారలేదు. పంజరం అదే. మారింది తిండి ఒక్కటే.

తరువాత 1919 ప్రాంతంలో ఎడ్వర్డ్ మెల్లాంబీ కుక్కపిల్లలను ఇంటి లోపలే ఉంచి, ఓట్స్ జావ వంటి తిండి పెట్టి జబ్బు తెప్పించాడు, చేపనూనె పోసి నయం చేశాడు. అదే 1919 లో బెర్లినులో హుల్డ్‌షిన్‌స్కీ అనే వైద్యుడు పాదరసపు దీపం వెలుగుతో పిల్లలకు ఎముకలు బాగుచేశాడు. ఇద్దరి మాటా నిజమే! మొదటి ప్రపంచయుద్ధానంతరం ఆకలితో మాడుతున్న వియన్నా నగరంలో హారియట్ చిక్ అనే ఆమె బృందం పసిపిల్లల ఆసుపత్రిలో ఓపికగా గమనించి రెంటినీ కలిపింది. ఎండాకాలంలో ఎండ చాలు, చలికాలంలో చేపనూనె చాలు. 1922 లో మెకాలమ్ ఆ నూనెలోని ఎ విటమినును వేడితోనూ గాలితోనూ చంపి చూశాడు. ఎముకలను బాగుచేసే గుణం అప్పటికీ మిగిలే ఉన్నది. ఎ, బి, సి లు అప్పటికే అయిపోయినవి గనుక ఈ కొత్త దానికి డి అనే అక్షరం దక్కింది. రెండేళ్ళకు స్టీన్‌బాక్ ఆహారపదార్థాల మీద అతినీలలోహిత కాంతి పడేటట్లు చేసి వాటికే ఆ గుణం పట్టించాడు. 1928 లో ఈ పదార్థాల రసాయన స్వరూపం తేల్చిన విండౌస్‌కు నోబెల్ బహుమానం వచ్చింది. అక్షరార్థంగా చెప్పాలంటే ఎండను సీసాలో పట్టారు. మా అమ్మాయి చేతిలోది ఆ సీసాయే.

* * *

ఇక్కడితో కథ ముగిసి ఉంటే నేను ఇంత రాసేవాడిని కాను. మెల్లాంబీ కుక్కపిల్లల కథలో మరొక ముడి ఉన్నది. ఓట్స్‌లో డి విటమిను లేకపోవడం ఒక్కటే కాదు, అన్ని ధాన్యాలలోకీ ఓట్స్ ఎక్కువ చెరుపు చేస్తున్నట్లు ఆయన గమనించాడు. కారణం ధాన్యాల పైపొరలో ఉండే ఫైటేటు అనే పదార్థమని తరువాత తేలింది. అది కడుపులో కాల్షియాన్ని పట్టుకొని ఒంటికి అందనివ్వదు. అంటే తిండి ఎముకను రెండు విధాలుగా తాకుతున్నది. విటమిను ఇచ్చి ఒక విధంగా, కాల్షియాన్ని ఇచ్చో అడ్డుకొనో మరొక విధంగా.

ఈ రెండవ దారి మనవాళ్ళ మీదనే రుజువయింది. 1950ల నుండి భారత, పాకిస్తానుల కుటుంబాలు పనుల కోసం బ్రిటనుకు తరలిపోయాయి. అప్పుడు వెళ్ళినవారిలో ఎక్కువమంది పంజాబీలు, గుజరాతీలు, బెంగాలీలు. మన తెలుగువాళ్ళు ఆ తరువాతి వంతు. స్కాట్లండులోని గ్లాస్గో 56 డిగ్రీలకు చేరువగా ఉన్న మబ్బుల ఊరు. అక్కడి పాకిస్తానీ కుటుంబాల పిల్లలలో, ఆడవాళ్ళలో ఎముకలు మెత్తబడే జబ్బు ఉన్నదని 1962 లో డన్నిగన్, ఆయన తోటివారు ప్రకటించారు. తెల్లవారి పిల్లలలో దాదాపుగా పోయిందనుకున్న జబ్బు మనవాళ్ళ ఇళ్ళలో మళ్ళీ కనిపించింది.

కారణం ఒకటి కాదు. మేనిరంగు నల్లనైన కొద్దీ అదే డి విటమినుకు ఎక్కువసేపు ఎండ కావాలి. ఒళ్ళంతా కప్పే బట్టలు, ఇల్లు కదలని ఆడవాళ్ళు. అయితే అదే వీధిలో అదే మబ్బు కింద ఉన్న స్కాట్లండు వాళ్ళకు రాని జబ్బు మనవాళ్ళకు వచ్చిందంటే సగం జవాబు కంచంలో ఉన్నది. వాళ్ళు రొట్టెకు రాసుకునే మార్గరీనులో 1940 నుండి డి విటమిను కలుపుతున్నారు. చేప, గుడ్డు, మాంసం తింటారు. మనవాళ్ళు నెయ్యి, పప్పు, ముతకపిండి చపాతీ. ఆ చపాతీల ఫైటేటు మీద 1972 లోనే పరిశోధన వ్యాసం వచ్చింది. మాంసం బొత్తిగా తినని కుటుంబాలలో ఈ జబ్బు మరింత ఎక్కువని తరువాతి పరిశోధనలు చెప్పాయి.

తిండిలో కాల్షియం తక్కువైతే ఒంట్లో నిలవ ఉన్న డి విటమిను కూడా తొందరగా ఖర్చయిపోతుందని 1987 లో క్లెమెంట్స్, జాన్సన్, ఫ్రేజర్ ఎలుకల మీద చూపించారు. ఇది నాకు చాలా ముఖ్యమని తోచింది. డి విటమిను ఏమాత్రం లేని తిండి కూడా మన డి విటమినును తగ్గించగలదు! ఎండాకాలంలో చర్మం సంపాదించి దాచినది చలికాలంలో కొన్ని వారాల చొప్పున సగమై, అందులో సగమై తరుగుతూ వస్తుంది. పాలూ పెరుగూ లేని కంచం ఆ తరుగుదలను మరింత తొందర చేస్తుంది. బారెడు నీడ దేశంలో వట్టి చారూ అన్నంతో బండి లాగే చదువుకునే పిల్లవాడు ఒకే జేబుకు రెండు చిల్లులు పెట్టుకున్నట్లే.

చపాతీ పిండిలో విటమిను కలపాలా వద్దా అని బ్రిటనులో చాలా తర్జనభర్జన జరిగి ఆ పని కాలేదు. 1979 లో గ్లాస్గోలోనూ, 1981 లో దేశమంతటా మన కుటుంబాలకు విటమిను చుక్కలు అందించే ఉద్యమాలు నడిపారు. తిండిని మార్చమని ఉపన్యసించడం కంటె చుక్క వేయడం తేలిక అని వాళ్ళకు తెలిసి వచ్చింది.

తిండినే మార్చి గెలిచిన దేశం ఫిన్లండు. అది 60 డిగ్రీలకు ఎగువనే ఉన్నది. మన ఊరి నీడ లెక్క అక్కడ చెప్పుకోవడమే దండగ. 2003 లో అక్కడ పాలలో డి విటమిను చేర్చడం మొదలుపెట్టారు, 2010 లో ఆ మోతాదు రెట్టింపు చేశారు. 2000 లో పెద్దల రక్తంలో సగటున 48 ఉన్న డి విటమిను కొలత 2011 నాటికి 65 అయింది. మన రక్తపరీక్షశాలలు వాడే కొలమానంలో చెబితే 19 నుండి 26. సూర్యుడు ఒక్క డిగ్రీ కూడా పైకి రాలేదు. పాలగ్లాసు ఒక్కటే మారింది. ఉత్తరదేశాలలో తిండికి ఉన్న బలం ఇంత.

అయితే ఎక్కువైనా ముప్పే. 1950లలో బ్రిటనులో పసిపిల్లల ఆహారాలన్నిటిలోనూ ఈ విటమినును ధారాళంగా కలపగా, కొందరు పిల్లలకు రక్తంలో కాల్షియం మితిమీరి ప్రమాదమైంది. 1957 లో ఆ మోతాదులు తగ్గించారు. మన మందుల దుకాణాలలో అమ్మే 60,000 యూనిట్ల పొట్లాలను వైద్యుడు చెప్పకుండా వారం వారం మింగేవారు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

* * *

ఇక మన మూరెడు నీడ దేశానికి వస్తాను. ఇంత ఎండలో మనకేం కొదువ అని పామ్‌గారు అనుకున్నారు. 1922 లో హచిసన్, షా అనే వైద్యులు నాసిక్ ప్రాంతంలో చూసింది వేరు. నాసిక్ మన గోదావరి పుట్టిన సీమే గనుక నాకు అది పరాయి ఊరనిపించదు. అక్కడ మంచి తిండి తినే కలవారి ఇళ్ళలో, ఘోషాలో ఉండే తల్లులకూ పిల్లలకూ ఈ జబ్బు కనిపించింది. నాసిరకం తిండి తిని ఎండలో కూలికి పోయే బీదల ఇళ్ళలో కనిపించలేదు. కాశ్మీరులో కాథ్లీన్ వాన్, కాంగడాలో డాగ్మర్ విల్సన్ అనే వైద్యురాళ్ళు 1930 ప్రాంతంలో ఇంటి నాలుగు గోడల మధ్య ఉండే స్త్రీల ఎముకల గురించి రాశారు. నీడలో కూర్చున్న వారికి ఏ దేశమైనా ఉత్తరదేశమే.

మన తెలుగు గడ్డ మీదనే మరొక రుజువు ఉన్నది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థలో హరినారాయణ్ గారూ ఆయన తోటివారూ చుట్టుపక్కల పల్లెలలోనూ పట్నంలోనూ ఆరోగ్యంగా ఉన్నవారినే పరీక్షించి 2007 లో ఫలితాలు ప్రకటించారు. చేలల్లో పనిచేసే పల్లెవారి కొలత పట్నవాసుల కంటె మెరుగు. కాని ఇరువైపులా తిండిలో కాల్షియం తక్కువ, ఫైటేటు ఎక్కువ. ఇరువైపులా డి విటమిను లోపం విరివిగా ఉన్నది. ఎండ కాసే తిరుపతిలో సైతం గ్లాస్గో చపాతీ కథ మరొక రూపంలో నడుస్తున్నదన్నమాట.

ఈ వ్యాసం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మాది బోధను పక్కన చిన్న పల్లె. 1931 లో పూర్తయిన నిజాంసాగర్ కాలువ నీళ్ళతో ఈ ప్రాంతం చెరుకుసీమ అయింది. 1937 లో బోధనులో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసింది. షక్కర్‌నగర్ అన్న పేరే దాని చలువ. మా బాపు చెరుకు కొట్టే కూలి. సీజను మొదలైతే తెల్లవారి నుండి పొద్దుగూకేదాకా చెరుకుతోటలోనే, ఒంటి మీద గోచీ, తలకు రుమాలు, అంతే. మా అమ్మ బీడీలు చేసేది. మా జిల్లాలో ఆనాడూ ఈనాడూ వేలాది ఇళ్ళలో ఆడవాళ్ళ బతుకుతెరువు అదే. తునికాకు తడి ఆరితే పగులుతుంది. నానబెట్టి తడిగుడ్డలో చుట్టి, ఎండ సోకని చోట కూర్చొని చేయాలి. అందుచేత అమ్మ పొద్దంతా ఇంట్లోనే, గోడకు చేరగిలబడి, ఒళ్ళో చాట పెట్టుకొని ఉండేది. లెక్క తక్కువైతే కూలి తక్కువ గనుక వాకిట్లోకి వచ్చి నిలబడే తీరిక కూడా ఉండేది కాదు.

ఇద్దరి తిండీ ఒకే కుండలోది. జొన్నరొట్టె, కారం, పుంటికూర, కొన్నాళ్ళు దొడ్డు బియ్యం అన్నం. గేదె ఉండేది గాని పాలన్నీ చాయ హోటలుకు పోయేవి. ఇంటికి మిగిలేది పలుచని చల్ల. అదీ పిల్లలకే. అమ్మ వంతుకు కుండ అడుగు. బాపు ఎనభై ఏళ్ళు నిటారుగా నడిచి పోయాడు. అమ్మ నలభై దాటగానే వంగింది. కూర్చున్నచోటి నుండి లేవాలంటే గోడ పట్టుకొనేది. నడిస్తే బాతు నడిచినట్లు అటూ ఇటూ ఊగేది. మోకాలి కింది ఎముక మీద చేయి వేస్తే "అబ్బా" అనేది.

"వాతం బిడ్డా, మా అవ్వకు గూడ గిట్లనే ఉండె" అని తానే జబ్బు పేరు పెట్టుకున్నది. చూసిన వైద్యుడు నొప్పి గోళీలు ఇచ్చాడు. 1984 లో పోయింది. ఏ పరీక్షా జరగలేదు గనుక ఇదే జబ్బని ఇప్పుడు నేను తీర్పు చెప్పలేను. కాని పెద్దల ఎముకలు మెత్తబడినప్పుడు కనిపించే లక్షణాలను పుస్తకంలో చదువుతూ ఉంటే, గోడ పట్టుకొని లేవడం, బాతు నడక, ఎముక నొక్కితే నొప్పి, ఒక్కొక్క మాటా మా ఇంటి గడప దాటి వచ్చినట్లే ఉన్నది. పండిత పరీక్షకు చదివే రోజులలో నేను పద్యాలు వల్లె వేసుకుంటూ ఉంటే, ఆమె పక్కనే నీడలో కూర్చొని దారం చుట్టేది. నా పుస్తకాలు ఆ బీడీల కూలితో కొన్నవే. ఎండ మా వాకిట్లోనే ఉన్నది. రోజూ పది అడుగుల దూరంలో, ఉచితంగా.

ఈనాడు ఎవరిని నిందించి ఏం లాభం? లోకం అటే నడుస్తున్నది. బోధను ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చెరుకు తగ్గి వరి పెరిగింది. పొలంలోని మనుషులు దుకాణాల్లోకీ ఆఫీసుల్లోకీ వచ్చారు. పిల్లలు బడి వ్యానులోంచి ట్యూషనులోకి, అక్కడి నుండి సెల్‌ఫోనులోకి. నేనూ పింఛను పుచ్చుకొని ఫ్యాను కింద పడక కుర్చీలో ఉంటున్నవాడినే. రక్తపరీక్ష చేయిస్తే 11 వచ్చింది. సూర్యుని గురించి ఇంత రాస్తున్నవాడి సంగతి ఇది!

మన పాతవంటలో డి విటమిను లేదు. అది వంట లోపం కాదు. ఆ పనిని మన పెద్దలు ఎండకు అప్పగించారు. ఎండ ఆ పని చేస్తున్నంత కాలం వంటింటికి ఆ చింత లేదు. ఎండ చేయనిచోట, అది ఎడ్మంటను కానివ్వండి, బీడీల వసారా కానివ్వండి, వంటిల్లు ఆ పనిని నెత్తికెత్తుకోవాలి. చలి దేశాల వాళ్ళు మూడు వందల ఏళ్ళు పిల్లల కాళ్ళు వంగగా వంగగా ఈ పాఠం నేర్చుకున్నారు. అక్కడికి వెళ్ళిన మన పిల్లలు, కట్టుకుపోయిన ఆవకాయ జాడీతో పాటు ఈ పాఠాన్ని కూడా దగ్గర పెట్టుకోవాలి.

మన దేశపు పోషకాహార పరిశోధన కూనూరులో మొదలై 1958 లో హైదరాబాదుకు చేరింది. అదే నేటి జాతీయ పోషకాహార సంస్థ. ఎండ సరిగా తగలని పెద్దలకు రోజుకు 600 యూనిట్ల డి విటమిను, 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని వారి 2020 నాటి లెక్క. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నది. బియ్యంలో నామమాత్రం. పిండిని రాత్రి పులియబెట్టి అంబలి కాచుకుంటే ఫైటేటు కూడా కొంత విరుగుతుంది. మా అమ్మమ్మలు ఫైటేటు పేరు వినకుండానే ఆ పని చేశారు. పాలలో, వంటనూనెలో ఎ, డి విటమినులు చేర్చడానికి 2018 లో ప్రమాణాలు వచ్చాయి. పాకెట్టు మీద ప్లస్ ఎఫ్ గుర్తు ఉంటే చూసి కొనుక్కోవచ్చు.

* * *

అమ్మాయికి నేను చెప్పిన జవాబు ఇది. "చుక్క మానకు. తల్లిపాలు అమృతమే గాని, వాటిలో ఈ ఒక్కటీ లీటరుకు పాతిక యూనిట్లో యాభయ్యో మాత్రమే. అక్కడి పాలలో డి విటమిను కలపాలని చట్టమే ఉన్నదట గదా. కొన్న పెరుగు మాని ఆ పాలతో ఇంట్లోనే తోడు పెట్టుకో. గుడ్డు తిను, వారానికి రెండుసార్లు చేప తిను. వైశాఖం వచ్చి నీ నీడ నీకన్న పొట్టిదైన వేళ చూసుకొని కాసేపు బయట తిరుగు. చుక్కలు మాత్రం డాక్టరు చెప్పినదాని కంటె ఒక్కటి కూడా ఎక్కువ వేయకు."

మా ఇంటావిడకు మాత్రం నేను గ్లాస్గో, ఫిన్లండు చెప్పలేదు. మా అమ్మ సంగతి చెప్పాను. కోడలిగా వచ్చిన కొత్తలో ఆమె అత్తగారి కాళ్ళకు నూనె రాసిన మనిషి. చాలాసేపు మాట్లాడలేదు. ఇప్పుడు ప్రతి సాయంత్రం, అంటే అక్కడ తెల్లవారే వేళకు, ఫోను ఎత్తగానే ఆమె మొదటి మాట ఒకటే.

"చుక్క ఏసినవా?"

చలి దేశాలలో ఉంటున్న మిత్రులు తమ వంటింటి అనుభవాలు తెలియజేస్తే సంతోషిస్తాను.